పైనా కిందా అత్తయ్య

లోకంలో మనుషులు ఎదురుపడితే "బాగున్నారా?" అని అడుగుతారు. అత్తయ్య మాత్రం "పైనా, కిందా?" అని అడుగుతుంది.

అలవాటైనవాళ్ళు జవాబు చెప్పేసి తమ దారిన తాము పోతారు. కొత్తవాళ్ళ పాట్లు మాత్రం చూసి తీరాలి. ఆసుపత్రిలో లిఫ్టు నడిపే మనిషి "పైకేనండీ, రండి రండి" అని తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రైల్లో ఎదుటి సీటాయన "నాది పై బెర్తండీ. మీకు మోకాళ్ళ నొప్పులేమైనా ఉంటే మార్చుకుందాం" అని అప్పుడే దుప్పటి దులపడం మొదలుపెట్టాడు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళి మాటలకి వచ్చిన ఓ పెద్దమనిషి "మేం కింద ఉంటామండీ. పైభాగం అద్దెకిచ్చాం" అన్నాడు గొప్పగా. "ఎరువు సంగతి అడుగుతుంటే అద్దె సంగతి చెప్తారేంటండీ?" అని అత్తయ్య నొచ్చుకుంది. ఆ సంబంధం అక్కడితో సరి.

అవును, ఆవిడ అడిగేది పశువుల ఎరువు గురించే. పొలంలో చల్లిన ఎరువు నేల పైనే పడి ఉందా, మట్టిలో కలిసి కిందికి చేరిందా? వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మట్టి శాస్త్రవేత్తగా అత్తయ్య జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

"పైన వదిలేశారనుకో, నత్రజని గాలికి లేచిపోతుంది. భాస్వరం వానకి కొట్టుకుపోతుంది. ఇక రైతుకి మిగిలేదేమిటి? వాసన!" అని చెప్పేది. ఆ 'వాసన' అనే మాట దగ్గర ఆవిడ గొంతులో పలికే బాధ వింటే, ఎవరో దగ్గరి చుట్టం పోయినట్టుండేది.

ఆవిడతో ఎక్కువ పాట్లు పడింది మేనకోడలు. పళ్ళ డాక్టరు చదువు పూర్తిచేసి, ఏదో ఒక ఊళ్ళో బోర్డు కట్టుకుందామని ఆమె చూస్తున్న రోజుల్లో అత్తయ్యే కబురు పెట్టింది. "మా ముందు గది ఖాళీగానే ఉందే. వచ్చేయ్. నువ్వు పళ్ళు పీక్కో, నేను మట్టి పిసుక్కుంటాను. ఒకరి జోలికి ఒకరం పోవద్దు."

ఆ ఒప్పందం మొదటి రోజే గాలికి లేచిపోయింది.

ఆ రోజు పేషెంట్ల కుర్చీ బిగించడానికి మెకానిక్ వచ్చాడు. చెమటలు కక్కుతూ పనిచేస్తున్నాడు కదా అని మేనకోడలు ఫ్రిజ్ తెరిచింది. లోపల సీసాల్లో చల్లటి టీ లాంటిది కనిపించింది. గ్లాసులోకి వంచి ఇచ్చింది. అతను నోటి దాకా తీసుకెళ్ళాడో లేదో, పెరట్లోంచి అత్తయ్య చెప్పులు జారిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

"తాగకండి! అది ఒకటో మడి!"

మెకానిక్ గ్లాసు వైపు చూశాడు. "పాతదామ్మా?"

"పాతదెందుకవుతుంది? మొన్నటి వానది!"

అప్పుడుగానీ మేనకోడలికి అత్తయ్య వంట గదికీ పరిశోధన కేంద్రానికీ మధ్య గోడ లేదని అర్థం కాలేదు. కేంద్రంలో ఓ వాలు నేల మీద ఆవిడకి మూడు మళ్ళున్నాయి. మూడింటిలోనూ మొక్కజొన్నే, మూడింటికీ సమానంగానే ఎరువు. ఒకటో మడిలో ఎరువు పైన చల్లి వదిలేస్తారు. రెండో మడిలో చల్లిన రోజే దున్ని మట్టిలో కలిపేస్తారు. మూడో మడిలో సాళ్ళ పక్కన గాడి తీసి, అందులో వేసి మూసేస్తారు. ఒక్కో మడి దిగువన ఒక్కో డ్రమ్ము. వాన పడ్డప్పుడు మడి మీంచి జారిన నీళ్ళు ఆ డ్రమ్ముల్లో చేరతాయి. ఒకటో డ్రమ్ములో నీళ్ళు చిక్కటి టీ రంగు. మూడో డ్రమ్ములో నీళ్ళు బియ్యం కడిగినట్టు పల్చన. పైరు కూడా అంతే. ఒకటో మడి అత్తయ్య భుజం దాటలేదు. మూడో మడి చూసొస్తానని వెళ్ళిన డైరెక్టరు గారిని మాత్రం కేకలేసి బయటికి పిలవాల్సి వచ్చింది.

మెకానిక్ పాపం మంచివాడు, కుర్చీ బిగించే వెళ్ళాడు. కానీ ఆ తర్వాత ఎప్పుడొచ్చినా, కుళాయి నీళ్ళిచ్చినా సరే, గ్లాసు వెలుతురుకి ఎత్తిపట్టి "ఇది ఏ మడిదమ్మా?" అని అడిగేవాడు.

ఇదంతా సర్దుకోవచ్చు. క్లినిక్ తెరిచాక వచ్చిపడ్డ తంటానే సర్దుకోరానిది. పేషెంట్లు కూర్చునేది అత్తయ్య వరండాలో. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆవిడ వాళ్ళ మధ్య కుర్చీ లాక్కుని కూర్చునేది. చెంప పట్టుకుని మూలుగుతున్న మనిషిని ఆప్యాయంగా పలకరించేది.

"పైనా, కిందా?"

"కిందండీ. కుడివైపు చివర."

"మంచి పని చేశారు. పూర్తిగా కప్పేశారా?"

"లేదండీ, గుంత ఇంకా తెరుచుకునే ఉంది."

"అయ్యయ్యో! తెరిచి ఎలా వదిలేశారండీ? రేపు వానొస్తే అంతా కొట్టుకుపోదూ?"

ఆ మనిషి నోరు గట్టిగా మూసుకుని, ఓసారి ఆకాశం వంక చూసి, నెమ్మదిగా లేచి గేటు దాటిపోయాడు. వీధి చివర ఇంకో పళ్ళ డాక్టరున్నాడు.

"అత్తా, నీకు దణ్ణం పెడతా. నా పేషెంట్లనొదిలెయ్" అంది మేనకోడలు. "ఇలాగైతే నేను బోర్డు తిప్పేసుకోవాల్సిందే. ఆ చివరాయన నీ పుణ్యమా అని కొత్త కుర్చీ కొన్నాడట."

"నేనేమన్నానే? బాగున్నారా అని అడిగానంతే."

"నువ్వు అడిగింది అది కాదు!"

"నాకు సంబంధించినంత వరకు రెండూ ఒకటే" అని అత్తయ్య ఫోను అందుకుంది. దూరంగా ఎక్కడో ఉరుమింది మరి. ఆకాశం మూల చిన్న మబ్బు కనిపించిందంటే చాలు, చుట్టుపక్కల పాడి ఉన్నవాళ్ళందరికీ ఆవిడ నుంచి ఫోన్లు వెళ్ళేవి. "పైనా, కిందా?... కిందేనా? సంతోషం. ఉంటాను." పెట్టేసేది. "పైనా, కిందా?... పైనా?" అని గొంతు మారిందంటే మాత్రం, మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంకో చేత్తో పార అందుకునేది. సెలవు రోజుల్లో కూడా "పరిశోధన ఉందే" అంటూ పొద్దున్నే పార భుజాన వేసుకుని మాయమైపోయి, మోకాళ్ళ దాకా మట్టితో తిరిగొచ్చేది. ఈవిడ పిచ్చికి మందు లేదని మేనకోడలు తీర్మానించుకుంది.

క్లినిక్కి నమ్మకంగా వచ్చే పేషెంటంటూ ఒకాయన మిగిలాడు. ఊరి అంచున చేపల చెరువున్న ఆసామి. నోట్లో పన్ను ఉన్నంత కాలం వదలని రకం. వచ్చిన ప్రతిసారీ నోరు తెరిచే ముందు ఒకే మాట చెప్పేవాడు. "అంతా ఆ పైనున్నాయన వల్లే డాక్టరమ్మా. నా చేపల్ని చంపేశాడు."

మేనకోడలు మొదట్లో జాలిపడి, "దేవుడు అలా చేయడండీ" అని ఓదార్చేది.

"దేవుడెవరమ్మా మధ్యలో? మా చెరువుకి పైన పొలమున్న పాలాయన లేడూ, వాడు!"

కిందటేడు వానలకి పాలాయన పొలంలో చల్లిన ఎరువంతా కొట్టుకొచ్చి చెరువులో పడింది. నీళ్ళు పచ్చగా, చిక్కగా అయిపోయాయి. ఓ పొద్దున చేపలన్నీ ఊపిరాడక నీళ్ళ పైకి నోళ్ళు తెరిచి తేలాయి. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పాలాయన ఆవు గట్టు మీద నిలబడి ఇటు చూసినా చేపలాయన మొహం తిప్పేసుకునేవాడు. ఆవు ఏం పాపం చేసిందంటే, "దానిదేగా ఆ పేడ!" అనేవాడు. అత్తయ్య కల్పించుకుని ఎగువన పాలాయనకి ఎరువు మట్టిలో ఎలా కలపాలో నేర్పింది, గట్టు వెంబడి గడ్డి పెంచమంది. అవన్నీ పాలాయన బుద్ధిగా చేశాడు. కానీ ఇద్దరి మధ్య మాటలు కలపడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

ఇలా ఉండగా ఓ మధ్యాహ్నం చేపలాయన పన్ను పీకించుకోవడానికి వచ్చాడు. పొలం పని మధ్యలో వదిలేసి, వెనక మట్టిని తిరగేసే రోటావేటర్ తగిలించి ఉండగానే ట్రాక్టర్ తెచ్చి గేటు ముందు ఆపాడు. మేనకోడలు మత్తు ఇంజక్షన్ ఇచ్చింది. నోరు ఒక పక్క మొద్దుబారుతోంది. బయట మబ్బు పట్టింది. ఆ రోజు అత్తయ్య ఇంట్లోనే ఉంది. వరండాలోంచి ఆవిడ ఫోను మాటలు వినిపిస్తున్నాయి.

"పైనా, కిందా?... పైనా? మీరా? మీరు ఎప్పుడూ కిందే అంటారు కదండీ?... సాయంత్రమా? సాయంత్రం దాకా వాన ఆగుతుందా?"

తర్వాత ఆవిడ గొంతు ఉన్నట్టుండి హుషారుగా మారిపోయింది. "అయితే మంచిదే అయింది! మీ పొలంలో నాకో పరిశోధన ఉందండీ. మీరు దయచేసి దాన్ని ముట్టుకోకండి. నేనే వచ్చి కలుపుకుంటాను. మీరు కాదనకపోతే చాలు, నాకు పెద్ద సాయం చేసినట్టే."

మరుక్షణం తలుపు తోసుకుని లోపలికొచ్చింది. పార చేతిలోనే ఉంది. ఎత్తిన పారతో ఓ మనిషి పళ్ళ డాక్టరు గదిలోకి వస్తే పేషెంటు ఏమనుకుంటాడు? చేపలాయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ట్రాక్టర్ మీదేనా?" అంది అత్తయ్య.

"అత్తా! ఇక్కడ పన్ను తీస్తున్నాను."

"పన్ను ఎక్కడికీ పోదే. వాన ఆగదు." చేపలాయన వైపు తిరిగింది. "మీ చెరువుకి ఎగువన ఎరువు నేల పైనే ఉంది. మీ రోటావేటర్ కావాలి. ఇప్పుడే."

చేపలాయన ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచాడు. "ఆ హెఉవు!" అన్నాడు. అంటే 'నా చెరువు' అని. మెడకి కట్టిన గుడ్డతోనే వెళ్ళి ట్రాక్టర్ ఎక్కాడు. అత్తయ్య ఒక మడ్‌గార్డ్ మీద ఎక్కి కూర్చుంది. సగం పని అయిన పేషెంటుని వదిలిపెట్టడం ఏ డాక్టరూ చేయకూడని పని కాబట్టి మేనకోడలు తెల్లకోటుతో రెండో మడ్‌గార్డ్ ఎక్కింది. మెయిన్ రోడ్డు మీద వాళ్ళు ముగ్గురూ వెళ్తుంటే, వీధి చివర పళ్ళ డాక్టరు బయటికొచ్చి నోరు తెరిచి నిలబడిపోయాడు.

పాలాయన ఇంటి ముందు ట్రాక్టర్ ఆగేసరికి అసలు సంగతి కనిపించింది. పాలాయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. కాలికి తొడ దాకా పిండికట్టు. ఎరువు చల్లిన రోజే, ఇంకా కలపకముందే పాకలో జారిపడ్డాడట. ఆయన భార్య పశువులన్నిటి పాలూ ఒక్కతే పితుకుతూ, తల ఎత్తి చూసే తీరిక లేకుండా ఉంది. పాలాయన మాత్రం చెయ్యి ఊపుతూ గట్టిగా అరిచాడు. "రండమ్మా, రండి! మీ పరిశోధనకి నా పొలం ఎంత కావాలంటే అంత వాడుకోండి. మీకా మాత్రం సాయం చేయకపోతే ఎలా?"

చేపలాయన ఆ పిండికట్టు వైపు చూసి, చూడనట్టు ట్రాక్టర్ పొలంలోకి దించాడు. వాన ముంచుకొస్తోందన్న కంగారులో ఎగువ నుంచి దిగువకి నిలువుగా లాగించాడు. అత్తయ్య పార ఊపుకుంటూ వెంట పరుగెత్తింది.

"నిలువుగా కాదండీ, అడ్డంగా! వాలుకి అడ్డంగా! నిలువుగా దున్నితే సాళ్ళే కాలవలై మీ చెరువులోకే దారి చూపిస్తాయి!"

"ఆఁ?"

"అడ్డంగా! ఆ గట్టు పక్క గడ్డి జోలికి పోకండి! అదే మీ చేపలకి కాపలా!"

చేపలాయన ట్రాక్టర్ తిప్పాడు. రోటావేటర్ పళ్ళు గిర్రున తిరుగుతుంటే నేల పైన ఆరబోసినట్టున్న ఎరువు మట్టిలో కలిసి కనుమరుగవుతోంది. ట్రాక్టర్ అందని మూలల్లో అత్తయ్య పారతో, మేనకోడలు తెల్లకోటు చేతులు పైకి మడిచి ఓ గంపతో పనిలో పడ్డారు. మొదటి చినుకులు పడేసరికి కోటు తెల్లగా లేదు.

"ఇంతకీ ఇది ఏ పరిశోధన అత్తా?" అని అడిగింది మేనకోడలు రొప్పుతూ. "నాలుగో మడా?"

"పరిశోధనా లేదు, పాడూ లేదు." అత్తయ్య పార ఆపకుండానే చెప్పింది. "ఆయన ఎప్పుడూ 'కిందేనమ్మా' అని ఠక్కున చెప్పే మనిషి. ఇవాళ 'పైనే' అన్నాడంటే ఒంట్లోనో ఇంట్లోనో ఏదో బాగాలేదన్నమాట. 'మీకు సాయం కావాలా?' అని అడిగి చూడు. ఎవరైనా సరే 'అబ్బే, వద్దు' అంటారు. ఎరువు సంగతి అడిగితే మాత్రం నిజం చెప్తారే. అందులో పరువుకి వచ్చిన నష్టమేం లేదుగా."

మేనకోడలి చేతిలో గంప ఆగిపోయింది. సెలవు రోజుల్లో అత్తయ్య 'పరిశోధన' చేసే పొలాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కంటి ఆపరేషనైన ముసలాయనది ఒకటి. చంటిబిడ్డతో ఒంటరిగా ఉన్న అమ్మాయి కూరగాయల మడి ఇంకొకటి. నడుము పట్టేసిన టైలరు పెరడు మరొకటి. వాళ్ళందరూ అత్తయ్య చదువుకి తాము సాయం చేస్తున్నామనుకుని గర్వంగా ఉండేవాళ్ళు. అత్తయ్య వెళ్ళేటప్పుడు వాళ్ళకి థాంక్స్ కూడా చెప్పి వచ్చేది.

"ఏంటలా నిలబడ్డావ్? ఆ మూల పైనే ఉంది, చూడు!" అని అత్తయ్య కసిరింది.

చివరి సాలు పూర్తవుతుండగా వాన దంచికొట్టింది. ముగ్గురూ తడిసి ముద్దై పాలాయన వరండా ఎక్కారు. వాన వెలిశాక అత్తయ్య గట్టు దాకా వెళ్ళి, గడ్డి దాటి చెరువులోకి జారుతున్న నీళ్ళు సీసాలో పట్టి తెచ్చింది. వెలుతురుకి ఎత్తి చూసింది. "మూడో మడంత మంచిగా లేవు గానీ, రెండో మడికి దగ్గర్లోనే ఉన్నాయి" అంది. చేపలాయన సీసా లాక్కుని తనూ చూశాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు పాలాయనా చేపలాయనా ఒకరికెదురుగా ఒకరు మిగిలారు. చివరికి చేపలాయన ఛాతీ విరుచుకుని, వంకర పోయిన మూతితో ఓ చిన్న ఉపన్యాసమే ఇచ్చాడు.

"ఈ హేడ ఆ హెఉవులో హడకుండా ఒచ్చా. ఈ ఓహం ఊడ్డానికి కాదు!"

పాలాయన అయోమయంగా చూశాడు. "ఏమంటున్నాడమ్మా?"

మొద్దుబారిన నోళ్ళ భాష పళ్ళ డాక్టరుకి రాకపోతే ఇంకెవరికొస్తుంది? 'నీ పేడ నా చెరువులో పడకుండా వచ్చా, నీ మొహం చూడ్డానికి కాదు' అన్నాడని మేనకోడలికి అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. ఆమె ఓసారి అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య కాళ్ళకంటిన మట్టి కడుక్కుంటోంది.

"మీ కాలెలా ఉందో చూసిపోదామని వచ్చారట" అంది మేనకోడలు.

చేపలాయన కళ్ళు గుడ్లగూబవి అయ్యాయి. "హాఊ! ఏనెహ్హుడన్నా?"

"ఇప్పుడేమంటున్నాడు?"

"తనకెందుకు చెప్పలేదంటున్నారు. తనేమైనా పరాయివాడా అని అడుగుతున్నారు."

పాలాయన తల వంచుకున్నాడు. "ఏ మొహం పెట్టుకుని చెప్పనయ్యా? కిందటేడు నా ఎరువు వల్లేగా నీ చేపలు పోయాయి. వచ్చి తప్పయిందని చెబుదామని గట్టు దాకా వచ్చేవాణ్ణి. నువ్వు ఆవుని చూసే మొహం తిప్పుకుంటుంటే, నన్ను చూస్తే ఏం చేస్తావోనని వెనక్కి పోయేవాణ్ణి."

చేపలాయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పన్ను పీకడానికైనా ఆయన అంత బాగా ఎప్పుడూ తెరవలేదు. ఆ తర్వాత ఏదో గొణిగాడు. మేనకోడలు చెవి దగ్గర పెట్టి విని, పాలాయనతో చెప్పింది. "కాలు నయమయ్యేదాకా పాలు పితకడానికి వాళ్ళ తమ్ముణ్ణి పంపిస్తారట."

ఈసారి ఆమె కలిపిందేమీ లేదు.

మర్నాడు పొద్దున్నే చేపలాయన మిగిలిపోయిన పన్ను పీకించుకోవడానికి వచ్చాడు. మత్తు పూర్తిగా వదిలిపోయింది, మాట స్పష్టంగా ఉంది. కుర్చీలో కూర్చుని గుర్రుగా చూశాడు.

"డాక్టరమ్మా, నిన్న నేనన్నదొకటి, మీరు చెప్పిందొకటి."

"అవునండీ. తప్పు నాదే. వెళ్ళి సరిచేసి చెప్పి రమ్మంటారా?"

ఆయన పైకప్పు వంక చూశాడు. చెంప నిమురుకున్నాడు. గోడ మీది పళ్ళ బొమ్మ కాసేపు పరీక్షించాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకులెండి. ఆ మత్తు మందు మాత్రం కాస్త గట్టిగానే ఇవ్వండి. ఇటునుంచి ఇటే వాడింటికెళ్ళాలి. మీరూ తోడు రావాలి మరి" అని నోరు తెరిచాడు.